ఫారంలో చోటు లేని మాట

కుల్చారం
4 జులై 2025

బాపుకు,

కవరు మీద చేతిరాత చూసే ఎవరో తెలిసిపోయి ఉంటుంది. ఆదివారం పొద్దున మీరు నన్ను ముందు కూర్చోబెట్టుకుని కుల్చారానికి కార్డు రాయించేవాళ్లు కదా, "మీ నాయిన, నిన్ను కన్న అవ్వ సదివించుకుంటరు, జర గుండ్రంగ రాయి" అని. ఇప్పుడు అదే చేతిరాతతో కుల్చారం నుంచి మెదక్‌కు రాస్తున్నాను. రెండుసార్లు ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదు. మూడోసారి చేయడానికి ధైర్యం చాలలేదు.

అమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? నాట్ల రోజులు కాబట్టి ఎరువుల దుకాణంలో మీకు తినడానికి కూడా తీరిక ఉండదని తెలుసు. అందుకే అసలు సంగతికి వస్తాను. నాకు హైదరాబాద్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. ఫీజు కట్టే శక్తి నాయినకు లేదు. పేద పిల్లలకిచ్చే చదువు గ్రాంటుకు దరఖాస్తు పెడితే అది ఒక చోట ఆగిపోయింది. ఆ చోట మీ పేరు ఉంది.

నాలుగేళ్ల పిల్లప్పుడు మీ తమ్ముడి బిడ్డనైన నన్ను సాదుకోవడానికి తీసుకుపోయి, బళ్లో వేసేటప్పుడు తండ్రి పేరు దగ్గర మీ పేరు రాయించారు. పదో తరగతి మెమో మీద, ఆధార్ మీద అదే ఉంది. కాబట్టి ఆఫీసు లెక్కలో నేను ఎరువుల దుకాణం యజమాని కూతురిని. రెండేళ్లుగా నేను నాయిన కౌలు పొలం మీద తింటున్న సంగతి వాళ్ల కంప్యూటర్‌కు తెలియదు. అక్కడి క్లర్కు మంచిగానే చెప్పాడు. "కాయితం మీద తండ్రి ఎవరో గాయిన ఆదాయమే లెక్క బిడ్డా. గాయిన నిన్ను సాదుతలేడంటే గాయినతోనే రాయించుకొని రా" అన్నాడు.

ఆ ఫారం జత చేశాను. నోటరీ ముందు మీరు ఒక్క సంతకం పెడితే నాయిన ఆదాయం చూస్తారు. ఆగస్టు నెలాఖరు గడువు. నేను రాస్తున్నట్టు నాయినకు తెలియదు.

అమ్మకు నా దండాలు చెప్పండి.

మీ
రిషిత


మెదక్
19 జులై 2025

చిరంజీవి రిషితకు,

రెండేళ్ల రెండు నెలల తర్వాత నీ నుంచి వచ్చిన మొదటి ఉత్తరం అందింది. చేతిరాత పాడుచేసుకోలేదు. సంతోషం అక్కడితో అయిపోయింది.

నీ ఫారం మూడుసార్లు చదివాను. "పై విద్యార్థినిని నేను పోషించడం లేదు. ఆమె చదువుతో, ఖర్చులతో నాకు ఎటువంటి సంబంధం లేదు." బాగా రాశారు, ఎవరు రాశారో గానీ. నీకు అమ్మవారు పోస్తే పన్నెండు రోజులు దుకాణం మూసి వేపమండతో విసిరినవాడిని నేను. నువ్వు లెక్కల్లో వెనకబడితే ట్యూషన్ మాస్టర్ ఇంటి ముందు రోజూ గంటన్నర స్కూటర్ మీద కూర్చున్నవాడిని నేను. క్రిస్మస్‌కు చర్చి దగ్గర లైట్లు కనబడతలేవని ఏడిస్తే భుజాల మీద ఎక్కించుకుని ఆ జనంలో తిప్పినవాడిని నేను. ఇవన్నీ రాయడానికి ఫారంలో కాలమ్ ఎక్కడుందా అని వెతికాను. వెనక పేజీ కూడా తిప్పాను. లేదు.

మీ నాయిన చేసిన పని నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. పదో తరగతి ఫలితాలొచ్చిన వారానికి ఎల్లేష్ ఆటో తెచ్చి మా గేటు ముందు ఆపి, వీధి మొత్తం వినేటట్టు "నా బిడ్డకు నీ బువ్వ అక్కర్లే" అన్నాడు. పదకొండేళ్లు తిన్న బువ్వ. నువ్వు సంచి పట్టుకుని ఆటో ఎక్కావు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఫీజు సంగతా? నేను కడతాను. నాలుగేళ్లూ కడతాను. ఎల్లేష్‌ను దుకాణానికి పంపు. వీధిలో అన్న మాటను వీధిలోనే వెనక్కి తీసుకోమను. అది కుదరదంటే ముందు మీరు రాసివ్వండి, పదకొండేళ్లు సుధాకర్ సాదిండు అని. ఆ తర్వాత నేను సాదుతలేనని రాస్తాను. న్యాయమంటే రెండు దిక్కులా ఉండాలి కదా.

మీ అమ్మ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. నీ ఉత్తరం వచ్చిందని ఆమెకు చెప్పలేదు.

సుధాకర్


కుల్చారం
27 జులై 2025

బాపుకు,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయొద్దనుకున్నాను. గడువు తరుముతున్నది కాబట్టి రాస్తున్నాను.

ఫారంలో ఉన్నది ఇప్పటి మాట. వెనకటి పదకొండేళ్లను ఎవరూ కొట్టేయమనలేదు. అవి వాళ్లకు అక్కర్లేదు, అంతే. నాకు అక్కర్లేదని మీరు ఎట్లా అనుకున్నారు?

నాయిన ఎందుకు ఆటో తెచ్చాడో మీరు ఒక్కసారీ అడగలేదు. నేను చెబుతాను. బళ్లో సన్మానం రోజు నాయిన, అవ్వ కుల్చారం నుంచి వచ్చారు. నాయిన ఆ రోజు కోసం తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు. మైకులో "ఫస్ట్ వచ్చిన రిషిత, తండ్రి సుధాకర్, వేదిక మీదికి రావాలె" అన్నారు. నాయిన అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మీరు ఆయన ముందు నుంచే నడుచుకుంటూ పోయి శాలువా కప్పించుకున్నారు. తమ్ముడిని కూడా రమ్మని చెయ్యి ఊపినా సరిపోయేది. నాయిన మళ్లీ కూర్చున్నాడు. నేను పైనుంచి చూశాను.

వెనక్కి తిరిగి చూడలేదన్నారు. చూస్తే దిగిపోయేదాన్ని.

ఇంకొకటి. పోయిన దసరాకు జమ్మి ఆకు మీ చేతిలో పెట్టి కాళ్లు మొక్కుదామని దుకాణం గడప దాకా వచ్చాను. మీరు నా ముఖం వైపే చూసి, తల తిప్పి వేరేవాళ్లతో మాట్లాడారు. జమ్మి పట్టుకుని బస్టాండుకు నడిచాను. అప్పటి నుంచి ఇంటర్ అయిపోయేదాకా మీ దుకాణం వీధి తప్పించి చుట్టూ తిరిగి కాలేజీకి పోయేదాన్ని.

నాయినను పంపను. ఆయన రాడు, వచ్చినా నేను రానివ్వను. మీ డబ్బు మాకు వద్దు. సంతకం చాలు.

రిషిత


మెదక్
11 ఆగస్టు 2025

రిషితకు,

నీ కాగితం ఇందులో ఉంది. నోటరీ ముద్ర వేయించాను. ఇక నీ పని నువ్వు చూసుకో.

ఎట్లా జరిగిందో కూడా తెలుసుకో. నోటరీ చేసే వకీలు తన పొలానికి మందులు మన దగ్గరే కొంటాడు. సంతకానికి ముందు పైకి చదవాలి అని, బల్ల చుట్టూ ఐదారుగురు నిలబడి ఉండగా "ఎటువంటి సంబంధం లేదు" దాకా గట్టిగా చదివాడు. చదివి నా ముఖం చూసి, "ఏమైంది సేటూ, బిడ్డను ఎల్లగొట్టినవా" అని అడిగాడు. నేను పెన్ను ఇమ్మన్నాను.

దసరా సంగతి. రెండు కళ్లల్లో పొరలు వచ్చి అప్పటికి నాలుగు నెలలు. దుకాణంలో డబ్బా మీద మందు పేరు కూడా పనివాళ్లతో చదివించుకునేవాడిని. ఎవరో అమ్మాయి గడప దాకా వచ్చి వెనక్కి పోయిందని గుర్తుంది, ఎవరి పిల్లో అనుకున్నాను. నవంబర్‌లో ఆపరేషన్ అయ్యింది. ఆ దసరా రోజంతా మీ అమ్మ సాయంత్రం దాకా గేటు దగ్గరే కూర్చుంది, పండుగ పూట నువ్వు వస్తావని. మాకు జమ్మి ఎవరూ పెట్టలేదు.

ఇక సన్మానం సంగతి. ఎల్లేష్ లేచి నిలబడ్డది నేను చూడలేదు. చూడాల్సింది.

"మీ డబ్బు మాకు వద్దు" అన్న వాక్యం మాత్రం గుండ్రంగా రాశావు. నేర్పినందుకు ఫలితం దక్కింది.

ఈ కాగితం సంగతి మీ అమ్మకు చెప్పలేదు, చెప్పను. నీ గదిలో ఇప్పటికీ బుధవారం దుప్పటి మారుస్తుంది. నీ పేరు చెక్కించిన కంచం రోజూ తోమిన గిన్నెలతో పాటు బోర్లిస్తుంది. ఆమెకు ఇది తెలిస్తే నాతో మాట్లాడదు.

సుధాకర్


కుల్చారం
25 ఆగస్టు 2025

బాపుకు,

కాగితం ఇచ్చేశాను. రసీదు ఇచ్చారు. మీరు ఆ బల్ల ముందు నిలబడ్డది తలచుకుంటే నాకు అన్నం సరిగా పోవడం లేదు. కళ్ల సంగతి ముందే తెలిస్తే అట్లా రాసేదాన్ని కాదు. తెలుసుకోకపోవడం నా తప్పే. ఆపరేషన్ అయిన కళ్లకు దుకాణంలో మందుల ఘాటు తగలనివ్వకండి.

ఒక్క ముఖ్యమైన మాట. విచారణకు ఎవరినైనా పంపిస్తామన్నారు, ఇక్కడికీ, మెదక్ ఇంటికీ. ఎప్పుడొస్తారో చెప్పరట. వస్తే ఫారంలో రాసినదే చెప్పాలి. అమ్మకు చెప్పడం మీకు కష్టమని తెలుసు. అయినా చెప్పి పెట్టండి. కాలేజీ వాళ్లు అక్టోబర్ నెలాఖరు దాకానే సీటు ఆపుతారు.

సీటు నిలబడితే ఈ దసరాకు జమ్మి పట్టుకుని నేరుగా ఇంటికే వస్తాను.

మీ
రిషిత


కుల్చారం
18 అక్టోబర్ 2025

సుధాకర్ గారికి,

గ్రాంటు రాలేదు. విచారణ రిపోర్టు కాపీ ఇమ్మంటే ఇచ్చారు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"విద్యార్థినికి మెదక్ ఇంటిలో ప్రత్యేక గది కలదు. పెంపుడు తల్లి వాంగ్మూలం ప్రకారం విద్యార్థిని ఖర్చులన్నియు వారే భరించుచున్నారు. ఆస్తి మొత్తం ఆమెకే చెందును. సమర్పించిన ధ్రువపత్రం వాస్తవ విరుద్ధం."

తప్పుడు పత్రం పెట్టినందుకు ఈ సంవత్సరం మళ్లీ అడిగే వీలు కూడా లేదు. దసరాకు రాలేకపోయాను, అప్పటికే విషయం తెలిసింది. ఇప్పుడు రావాల్సిన అవసరం కూడా కనబడడం లేదు.

ఒక చేత్తో సంతకం పెట్టి ఇంకో చేత్తో తీసేసుకున్నారు. నాయిన దుకాణం ముందుకు వచ్చి నిలబడలేదని కదా? ఇప్పుడు మీ మనసు నిండి ఉంటుంది.

నాయినకు అంతా చెప్పాల్సి వచ్చింది. కోప్పడతాడనుకున్నాను. ఆయన ఆ కాగితాలన్నీ ఒక్కొక్కటే తిప్పి, "నా పేరు ఏ కాయితంల లేదా బిడ్డా" అని ఒక్కటే అడిగాడు. జవాబు మీ దగ్గర ఉంటే రాయండి.

రిషిత


మెదక్
26 అక్టోబర్ 2025

రిషితకు,

నువ్వు అనుకున్నట్టు జరగలేదు. ఓపిక ఉంటే పూర్తిగా చదువు.

అమరేందర్ అనే అతను ఫైలు పట్టుకుని బైకు మీద వచ్చి, ముందు పక్కింటి సువార్తమ్మను అడిగాడట, రిషిత అనే అమ్మాయి ఈ ఇంటి పిల్లేనా, ఎట్లాంటిది, ఎవరు చూసుకుంటారు అని. సువార్తమ్మ గోడ మీదుగా మీ అమ్మను పిలిచి, "యశోదా, పిల్ల సంబంధానికి ఎవరో ఆరా తీయనీకి వచ్చిండ్రు, జర మంచి చీర కట్టుకో" అంది. మన దిక్కు పిల్లవాడి తరఫువాళ్లు నేరుగా రారు కదా, ముందు ఒకరిని పంపి వీధిలో వాకబు చేస్తారు. మీ అమ్మ అదే అనుకుంది.

అతను ఇల్లు చూడాలంటే నీ గది తలుపు తీసి చూపించింది. పిల్ల ఎక్కడుందంటే సెలవులకు కుల్చారం పోయిందని చెప్పింది. రెండేళ్ల సెలవులు. ఖర్చులు ఎవరు పెడతారంటే, "ఇంకెవరు పెడ్తరు, మేమే. ఒక్కతే బిడ్డ. ఇల్లు, దుకాణం అన్ని దానియే" అంది. అతను రాసుకుంటుంటే పిల్లవాడి ఇంట్లో చెప్పడానికి రాసుకుంటున్నాడని సంబరపడింది. నీ పేరున్న కంచంలోనే మురుకులు పెట్టిచ్చింది. నేను దుకాణంలో ఉన్నాను. రాత్రి ఇంటికి వస్తే "మంచి సంబంధం లెక్కనే ఉన్నది, ముందల మీ తమ్మునితోని కలిసిపోండ్రి" అని నాకే బుద్ధి చెప్పింది.

ఆమెకు ముందే చెప్పి పెట్టమని నువ్వు రాశావు. నేను చెప్పలేదు. ఆ తప్పు నాది.

ఆఫీసుకు పోయి చెప్పాను. రిపోర్టు పైకి పోయింది, ఇక మారదన్నారు. ఇందులో కాలేజీ పేరు మీద చెక్కు ఉంది. ఎవరూ నా దగ్గరికి రానక్కర్లేదు, ఎవరూ ఏ మాటా వెనక్కి తీసుకోనక్కర్లేదు. సీటు కాపాడుకో.

బాపు


చేగుంట
9 నవంబర్ 2025

బాపుకు,

మీ కవరు నవంబర్ మూడున చేరింది. సీటు అక్టోబర్ ముప్పై ఒకటితో పోయింది. వేరే అమ్మాయికి ఇచ్చారు. చెక్కు తిరిగి పంపుతున్నాను. ఇది కోపంతో కాదు, దానికి ఇప్పుడు పని లేదు.

చేగుంటలో రక్త పరీక్షల ల్యాబులో చేరాను. వచ్చినవాళ్ల పేరు, వయసు, తండ్రి పేరో భర్త పేరో రాసుకోవడం నా పని. తండ్రి పేరు అడిగినప్పుడల్లా జనం ఎంత తొందరగా చెప్పేస్తారో.

అమ్మ సంగతి చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత చాలాసేపు ఏడ్చాను. ఆమె మీద నాకు కోపం లేదు. మీ మీద కూడా కోపం పోయిందనే అనుకున్నాను. కానీ మొన్న మెదక్ బస్టాండులో సువార్తమ్మ కలిసింది. పెళ్లి ఎప్పుడని అడిగింది. ఆ వచ్చినతని గురించి మాట్లాడుతూ, "మీ బాపు గూడ ఇంట్లనే ఉండె గద, స్కూటర్ వాకిట్లనే ఉండె, బయటికి రాకపాయె" అంది. నేను మళ్లీ అడిగాను. అదే చెప్పింది.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు మీరు దుకాణంలో ఉన్నారా?

రిషిత


మెదక్
20 నవంబర్ 2025

రిషితా,

సువార్తమ్మ చెప్పింది నిజం. ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం అన్నానికి వచ్చి వెనక గదిలో నడుం వాల్చాను.

అతను అడిగిన మొదటి మాటకే ఎక్కడి నుంచి వచ్చాడో తెలిసింది. లేచి నాలుగు అడుగులు వేసి, "అయ్యా, మాకు సంబంధం లేదు, రాసిచ్చిన" అంటే సరిపోయేది. నోటరీ ముందు రాసిన చెయ్యి నాదే. కానీ అవతల మీ అమ్మ "మా బిడ్డ" అంటున్నది. మా బిడ్డ అన్నం పారేయదు, మా బిడ్డకు దోసకాయ పప్పంటే పానం, మా బిడ్డ ఫస్ట్ వచ్చింది అని. రెండేళ్లుగా ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. నేనూ అనలేదు, ఆమెనూ అననీయలేదు. వింటూ పడుకున్నాను. అతను బైకు స్టార్ట్ చేసేదాకా లేవలేదు.

నీ సీటు పోతుందని తెలియదా అంటే, తెలుసు. పడుకున్నప్పుడు కూడా తెలుసు.

వచ్చే ఏడు ఫీజు నేను కడతాను. కాదనకు.

బాపు


చేగుంట
1 డిసెంబర్ 2025

పెద్దనాయినకు,

ఈ పిలుపు చూసి నొచ్చుకుంటారని తెలుసు. మీరు మా నాయినకు అన్న. పిలవాల్సింది ఇట్లాగే.

మీరు నిజం రాశారు. అబద్ధమే రాసి ఉంటే నేను నమ్మేదాన్ని, ఇద్దరికీ సులువుగా ఉండేది. మీరు కళ్లు మూసుకుని విన్న ఆ కాసేపటికి నా సంవత్సరం పోయింది. నన్ను బిడ్డ అనుకోవడం మీకు ఎంత ఇష్టమో ఇప్పుడు బాగా తెలిసింది. ఆ ఇష్టంలో నా సంగతి ఎక్కడుందో మాత్రం వెతికినా దొరకలేదు.

అన్ని కాగితాల్లో తండ్రి పేరు మార్చడానికి దరఖాస్తు పెట్టాను. నాయిన సన్మానం నాటి తెల్ల చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. ఆయనకు సంతకం రాదు, వేలిముద్ర వేశాడు. వేలికంటిన సిరా బస్సు ఎక్కేదాకా తుడుచుకోలేదు. వచ్చే ఏడు గ్రాంటు ఆయన ఆదాయం మీదే అడుగుతాను. వస్తే చదువుకుంటాను, రాకపోతే ఈ ల్యాబు ఉంది. మీ సంతకం, మీ ఫీజు ఇక అవసరం పడవు.

జులైలో మీరు ఒకటి అడిగారు. ముందు మీరు రాసివ్వండి, న్యాయం రెండు దిక్కులా ఉండాలి అన్నారు. నాయినను అడగలేదు. నేనే రాస్తున్నాను. ఫారంలో దానికి కాలమ్ లేదు కాబట్టి కిందనే రాశాను.

"నేను, రిషిత, తండ్రి ఎల్లేష్, కుల్చారం, రాసిస్తున్నది ఏమంటే: నాలుగేళ్ల వయసు నుంచి పదిహేనేళ్ల దాకా మెదక్‌లో సుధాకర్, యశోద దంపతులు నన్ను పోషించారు. అన్నం, బట్ట, చదువు, జ్వరమొస్తే మందు, చేతిరాత, అన్నీ వాళ్లు పెట్టినవే. వాళ్లు ఏ లోటూ చేయలేదు. ఆ తర్వాత నా పోషణతో గానీ, చదువుతో గానీ వాళ్లకు ఎటువంటి సంబంధం లేదు. ఎవరి బలవంతం లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసిచ్చాను."

నా సంతకం పెట్టాను. సాక్షి సంతకం దగ్గర ఖాళీ వదిలాను. అమ్మకు చదివి వినిపించి, ఆమెతో పెట్టించండి.

ఎల్లేష్ బిడ్డ
రిషిత